నాంచారమ్మ వాడనివ్వని బంతిపూలు

ఇటు జరుగు. ముందు ఆ ముక్కు తుడుచుకో. పెరట్లో బంతిచెట్టు వాడిపోయిందని పొద్దుట్నుంచీ మూతి ముడుచుకుని కూర్చున్నావు, అన్నం కూడా సగమే తిన్నావు. ఏడవొద్దని నేననను. ఈ రోజుల్లో పెరట్లోకి వెళితే నాకూ మనసు అదోలా అయిపోతుంది. దుప్పటి కప్పుకుని ఊ కొట్టు, చెబుతాను.

అనగనగా ఏటిగట్టు పక్కన ఒక ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ చెయ్యి మంచిది, పుల్ల గుచ్చినా చిగురించేది. ఆవిడ పెరట్లో ఒక రకం బంతి ఉండేది. ఇటికె రంగు పువ్వు, రేకుల అంచున సన్నగా పసుపు గీత. ఊళ్ళో మిగతా వాళ్ళందరివీ పసుపు బంతులే. ఆ రంగు ఒక్క నాంచారమ్మ ఇంట్లోనే పూసేది.

ఆ విత్తనం వాళ్ళమ్మ కోటమ్మ ఇచ్చింది. కూతుర్ని కాపరానికి పంపేటప్పుడు ఒళ్ళో పసుపూ కుంకుమా పెట్టి, వాటి పక్కన చిన్న గుడ్డమూట పెట్టింది. పూలన్నీ కోసుకో, నాలుగు మాత్రం చెట్టునే ఎండనియ్యి అని చెప్పింది. నాంచారమ్మ ఇరవై ఏళ్ళూ అలాగే చేసింది. ఏటా నాలుగు పెద్ద పూలు చెట్టునే వదిలేసేది. అవి ఎండాక గింజలు దులిపి, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి అటక మీద దాచేది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆవిడకి ఒక పట్టింపు ఉండేది. గుమ్మానికి వాడిన పువ్వు ఉండకూడదు. పండగ తోరణం మూడో రోజుకల్లా తీసి ఏట్లో కలిపేసేది. తను తీసుకుంటే సరిపోయేది కదా, ఊరందరికీ చెప్పేది. వీధి చివర మాణిక్యమ్మ అని ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఆవిడ గుమ్మానికి దసరా తోరణం ఉగాది దాకా వేలాడుతూనే ఉండేది. ఆ చెత్త తీయించకూడదా పిన్నీ అని నాంచారమ్మ అటు వెళ్ళినప్పుడల్లా సాధించేది. ముసలావిడ నవ్వేసి ఊరుకునేది.

ఇలా ఉండగా ఒక ఏడాది శ్రావణమాసంలో, ఏటికి అవతల పుట్టింట్లో కోటమ్మ చనిపోయింది. కబురు అందేసరికి ఏరు పొంగి ఉంది. పడవవాడు కదలనన్నాడు. రెండు రోజులు గట్టు మీదే కూర్చుని, నీళ్ళు తగ్గాక వెళ్ళింది పాపం నాంచారమ్మ. అప్పటికి అంతా అయిపోయింది. తల్లి మొహం చూడనే లేదు.

ఆ తర్వాత దసరా వచ్చింది. బంతి ఆ ఏడాది పూసినట్టు ఎప్పుడూ పూయలేదు. నాంచారమ్మ ఎప్పటిలాగే తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ పూలు పంచింది. మాణిక్యమ్మ గుమ్మానికైతే తనే పీట వేసుకుని ఎక్కి తోరణం కట్టింది. ఆ ముసలావిడకి మోకాళ్ళు వంగవు, చేతులు పైకి లేవవు.

పండగ వెళ్ళిపోయింది. పొద్దున్నే మంచు పడటం మొదలైంది. చెట్టున మిగిలిన పూలు అంచుల నుంచి మెల్లిగా ముడుచుకోసాగాయి. మనింట్లో ఇప్పుడు ముడుచుకున్నట్టే. అది చూసిన నాంచారమ్మకి, అమ్మ రెండోసారి పోతున్నట్టు అనిపించింది. ఈసారి పోనివ్వను అనుకుంది.

అప్పుడు ఏం చేసింది? పూటకి రెండు బిందెల నీళ్ళు పోసింది. చెట్లకి ఆకులు పసుపెక్కాయి, పూలు వాడటం ఆగలేదు.

ఆ తర్వాత ఎండ తగలకుండా తాటాకు తడిక అడ్డం పెట్టింది. చెట్లు పాలిపోయాయి. పూలు అప్పుడూ ఆగలేదు.

ఆ తర్వాత రంగు తగ్గిన పువ్వునల్లా కోసేసి, తడిగుడ్డలో చుట్టి కుండ పక్కన చల్లగా పెట్టింది. నాలుగు పూలు వదలమని అమ్మ చెప్పిన మాట ఆ దుఃఖంలో గుర్తే లేదు. ఒక్కటీ వదల్లేదు. మూడో రోజు గుడ్డ విప్పితే అంతా కుళ్ళు వాసన. ఆవిడకి చూడబుద్ధి కాలేదు. అవీ పారేసింది, చెట్లూ పీకి పారేసింది. నవ్వకు, నీకు కోపమొస్తే నువ్వు చేసేదీ అదేగా.

కార్తీకం వెళ్ళాక, బీరగింజలు దాచడానికని నాంచారమ్మ అటక మీది ఆనపబుర్ర దించింది. మూత తీసి లోపల చెయ్యి పెట్టింది. బంతిగింజ ఒక్కటి లేదు. పాతవన్నీ తొలకరికే చల్లేసింది. కొత్తవి దాచలేదు.

అమ్మ ఇచ్చింది అదొక్కటే. అది పోతే ఇక అమ్మది అంటూ తన దగ్గర ఏమీ లేదు. నాంచారమ్మ ఆ బుర్ర ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. పొయ్యి మీద పప్పు మాడింది కూడా తెలియలేదు.

అప్పుడు ఆవిడకి తోరణాలు గుర్తొచ్చాయి. ఊళ్ళో ఎవరింట్లోనైనా ఒక్క పువ్వు ఎండి మిగిలి ఉండదా అని చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరింది.

ముందు తాయారమ్మ గారింటికి వెళ్ళింది. తాయారమ్మ గారు మూడో రోజే తీసి ఏట్లో వేయించానని చెప్పింది. నువ్వు నేర్పిందేగా నాంచారమ్మా అని మెచ్చుకోలుగా అంది కూడా. నాంచారమ్మ తలూపి వచ్చేసింది.

ఆ తర్వాత బండి తోలే పున్నయ్య ఇంటికి వెళ్ళింది. పున్నయ్య తన వాటా పూలన్నీ ఎడమవైపు ఎద్దు కొమ్ములకి చుట్టాడట. కుడివైపు ఎద్దు ఆ రాత్రే వాటిని నమిలేసిందట. రెండిటికీ చెరో దండ వేసి ఉంటే బాగుండేది కదా అంటావా? పున్నయ్యకీ ఆ మాటే చెప్పారు అందరూ.

ఇక మిగిలింది మాణిక్యమ్మ ఇల్లు. నాంచారమ్మకి అడుగు పడలేదు. ఇన్నేళ్ళూ చెత్త చెత్త అని సాధించి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? వీధిలో ఇటు నుంచి అటు రెండు సార్లు తిరిగి, చివరికి వెళ్ళింది.

తోరణం గుమ్మానికే ఉంది. గాలికి గలగలమంటోంది. పూలన్నీ ఎండి గోధుమరంగుకి తిరిగాయి. నాంచారమ్మ దాని కింద నిలబడి, పిన్నీ, ఇది నాకిస్తావా అని అడిగింది. జరిగిందంతా చెప్పింది. నువ్వు దీన్ని తీసేయకపోవడం నా అదృష్టం, నేను చెత్తన్నాను అని కూడా చెప్పింది.

మాణిక్యమ్మ అప్పుడు ఇలా అంది. "చెత్తెలా అవుతుందే అమ్మాయ్? పీటెక్కి నా గుమ్మానికి పూలు కట్టే మనిషి ఒకరున్నారని అది నాకు చెబుతూ ఉంటుంది. పొద్దున్నే తలుపు తీసి దాన్నే చూస్తాను. నువ్వు చల్లగా ఉండాలనుకుని, అప్పుడు పనిలో పడతాను."

నాంచారమ్మ అరుగు మీద కూలబడి ఏడ్చేసింది. అమ్మ పోయినప్పటి నుంచీ కడుపులో ఉన్న ఏడుపంతా అక్కడే వచ్చేసింది. ముసలావిడ వీపు నిమురుతూ కూర్చుంది.

ఆ తర్వాత ఇద్దరూ చాటలో ఒక్కో పువ్వూ విప్పారు. కొన్నిట్లో ఉత్తి పొట్టే. కొన్నిటిని పురుగు తినేసింది. కొన్నిట్లో మాత్రం సన్నగా నల్లగా, వేలికి గట్టిగా తగిలే గింజలున్నాయి. అవి ముదిరాయో లేదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. నాంచారమ్మ వాటిని కొంగున ముడేసుకుంది. ఆ వేసవంతా ఆవిడకి అదే ధ్యాస.

తొలకరి పడింది. గింజలన్నీ చల్లింది. నాలుగు రోజులు చూసింది, ఏమీ లేదు. వారం చూసింది, ఏమీ లేదు. తొమ్మిదో రోజు పొద్దున్న మట్టి మీద మూడు మొలకలు కనిపించాయి. మూడే మూడు. కోడి కెలక్కుండా వాటి చుట్టూ ముళ్ళకంప వేసి, మొదట వెళ్ళి మాణిక్యమ్మకి చెప్పి వచ్చింది.

మూడు చెట్లూ దసరాకి పూశాయి. ఇటికె రంగు, అంచున పసుపు గీత, అచ్చం అలాగే. ఆ ఏడాది ఊరందరికీ తలా ఒక్క పువ్వే వచ్చింది, ఎవరూ సణగలేదు.

మళ్ళీ మంచు రోజులు వచ్చాయి. పూలు మళ్ళీ ముడుచుకున్నాయి. నాంచారమ్మకి బాధ లేదనుకుంటున్నావా? ఉంది. ఎప్పటంత బాధా ఉంది. కానీ ఈసారి నీళ్ళ బిందె తీసుకురాలేదు, తడిక కట్టలేదు, ఒక్క పువ్వూ తుంచలేదు. రోజూ పొద్దున్నే పీట తెచ్చుకుని చెట్టు పక్కన కూర్చునేది. రేకులు ఎలా మడతపడుతున్నాయో, లోపల గింజ ఎలా నల్లబడుతోందో చూసేది.

ఆఖరి పువ్వు ఎండిపోయిన రోజున ఆవిడ చెట్టు మొదట్లో చెయ్యి పెట్టింది. ఏటికి అవతల అమ్మ పోయిన నాడు చెప్పలేకపోయిన మాట అప్పుడు చెప్పింది.

"చాలా ఇచ్చావమ్మా. ఇక వెళ్ళిరా."

పోయేవాళ్ళని మనం పొమ్మనం కదే తల్లీ, వెళ్ళిరమ్మంటాం. ఆ మాట అన్నాక నాంచారమ్మ లేచి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, వంట చేసుకోవడానికి ఇంట్లోకి వెళ్ళింది.

ఊ కొట్టడం ఆపేశావేం? నిద్రొచ్చిందా? సరే, ఇది విని పడుకో.

కథేమో కంచికి వెళ్ళింది,
కునుకేమో కంటికి వచ్చింది,
పువ్వేమో గింజై పడుకుంది,
పొద్దున్నే పిల్లొకతి లేస్తుంది.