సున్నాకి ముందు పిలుపు

“చంద్రమతీ...”

మూసిన తలుపు అవతల నుంచి ఒక మగ గొంతు పిలిచింది. వరండాలో కూర్చున్న కిరీటి చేతిలో టీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

ఆ గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు మా మాస్టారు అనంతాచార్యులు గారు. గొంతుకి ఆపరేషనయ్యి ఆరేళ్లయింది, అప్పట్నుంచీ ఆయనకి గుసగుస తప్ప గొంతు లేదు. రెండోవారు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వచ్చే పెద్దావిడ. మరి పిలిచిందెవరు? పిలుపు వెనకాలే గాజులు కదిలాయి. “ఆఁ, వస్తున్నా” అంది ఒక పడుచు గొంతు. అదే మాట, రవ్వంత ఆలస్యంగా, ముసలి గొంతు కూడా అంది. ఇద్దరు ఆడవాళ్లు లేచి నడుస్తున్న అడుగులు తలుపు దాకా వచ్చాయి. తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చింది పెద్దావిడ ఒక్కతే. మా వైపు చూడకుండా, ఎవరో ముందు నడుస్తుంటే వెనక వెళుతున్నట్టు మెట్లు దిగిపోయింది.

“మాస్టారు గది ఎవరికో అద్దెకిచ్చినట్టున్నారు. మనం కూడా వాళ్లని అడిగే రావాలేమో ఇక,” అని వకుళ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మాస్టారు ఒకప్పుడు కచేరీలు రికార్డు చేసి సీడీ డిస్కులు తయారుచేసిన మనిషి. కాకినాడలో రేవుకి వెళ్లే దారిలో ఒక మేడ మీద, గోడల నిండా దూది కుక్కిన ఆ గదిలో ఆయన మా ముగ్గురికీ నేర్పేది పాట కాదు, వినడం. ఏం అడిగినా వెంటనే జవాబివ్వడం ఆయనకి అలవాటు లేదు. ఒక డిస్కు తీసి, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా, మళ్లీ మధ్యలోంచి అంచుకి, అలా తుడుస్తూ కూర్చుంటారు. అది పూర్తయ్యేసరికి మనం అడిగింది మనకే చిన్నదిగా కనిపిస్తుంది.

ఆ సాయంత్రం కిరీటి పిలుపు సంగతి అడగలేకపోయాడు. దాని చుట్టూ తిరిగి ఇంకోటి అడిగాడు.

“మాస్టారండీ, ఈ రోజుల్లో ఇంకా డిస్కులెందుకండీ? సోమయాజులు గారి వయొలిన్ కచేరీ నేను డౌన్‌లోడ్ చేసుకున్నాను. రికార్డు చేసినప్పుడు ఎంత వివరంగా ఉందో అంతా ఉందండీ. కమాను తీగ మీద ఆనించే ముందు ఆయన పీల్చిన ఊపిరి కూడా తెలుస్తుంది. డిస్కులో అంత చోటే లేదు కదండీ. ఏది గొప్పదంటారు?”

మాస్టారు గుడ్డ మడతపెట్టారు. “వచ్చే శుక్రవారం నువ్వూ లోపలికి వచ్చి కూర్చో,” అన్నారు.

శుక్రవారం దాకా ఆగి ఉంటే ఈ కథ లేదు. కిరీటికి నాలుగు రాత్రులు ఆ గొంతే వినబడిందట. మంగళవారం మాస్టారు గొంతు చూపించుకోడానికి ఆసుపత్రికి వెళుతూ గది తాళం అతని చేతిలో పెట్టారు. అతను మాస్టారు శుక్రవారాలు మాత్రమే బయటికి తీసే, బొమ్మా పేరూ లేని డిస్కు తీసి పెట్టుకున్నాడు. అది తన దగ్గరున్న సోమయాజులు గారి కచేరీయే. మొదటి పాట నుంచి చివరి చప్పట్ల దాకా మూడుసార్లు విన్నాడు. పిలుపు లేదు. కంప్యూటర్లోకి కాపీ చేసి వెతికాడు. అక్కడా లేదు. తన డౌన్‌లోడే నయమనిపించింది. తిరిగి పెట్టేముందు, పాపం, మంచికే, పేరు లేని డిస్కుకి ఒక పేరు ఉంటే బాగుంటుందనుకున్నాడు. మెరిసే వైపుకి గీత పడకుండా కింద గుడ్డ పరిచి, బాల్ పెన్నుతో పై వైపు, మధ్య చిల్లు పక్కన, చిన్న అక్షరాలతో నొక్కి ‘చంద్రమతి’ అని రాశాడు. రాసినవాడు ఊరుకోక మళ్లీ ఒకసారి మిషన్లో పెట్టాడు. మిషన్ చాలాసేపు గిరగిరా తిరిగి, లోపల డిస్కే లేదని చూపించింది. కళ్ల ముందే ఉన్నదాన్ని లేదంటోంది. కిరీటి కాపీలోంచి ఇంకో డిస్కు తయారుచేసి అదే కవర్లో పెట్టేశాడు. పాటలన్నీ ఉన్నాయి, నిమిషాలు సరిపోయాయి, ఇంకేం కావాలి?

శుక్రవారం మూడింటికి మమ్మల్ని ముగ్గురినీ లోపల కూర్చోబెట్టారు. పెద్దావిడ తన కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. మాస్టారు డిస్కు పెట్టి, మా వైపు వంగి గుసగుసగా చెప్పారు.

“ఈవిడ సోమయాజులు గారి భార్య, చంద్రమతి గారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన వయొలిన్ లోకమంతా ఉంది. గొంతు మాత్రం ఈ ఒక్క డిస్కులోనే ఉంది. కచేరీకి ముందు శ్రుతి చూసుకుంటూ పక్కగదిలో ఉన్న ఈవిడని పిలిచారు, ఈవిడ ‘వస్తున్నా’ అంటూ లేచి వచ్చింది. మైకులు అంతా విన్నాయి. పాటకి ముందు, మిషన్ లెక్కపెట్టే సున్నాకి అవతల, డిస్కులో కాస్త జాగా ఉంటుంది. ఈ ఒక్కదాంట్లో ఆ పిలుపు అక్కడ దాచాను. మొదటి పాట మొదలవగానే మీట నొక్కిపట్టి వెనక్కి నడిపించాలి. కంప్యూటర్లోకి కాపీ చేస్తే పాట దగ్గర్నుంచే తీసుకుంటుంది, దీన్ని వదిలేస్తుంది. రికార్డు చేసిన అసలు టేపు ఎప్పుడో ఉప్పుగాలికి చివికిపోయింది.”

నేను కిరీటి వైపు చూశాను. అతను సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు.

మాస్టారు మీట నొక్కిపట్టారు. అంకెలు వెనక్కి నడిచాయి. మూడు, రెండు, ఒకటి. సున్నా దగ్గర ఆగిపోయాయి. మళ్లీ నొక్కారు. సున్నా కదల్లేదు.

“ఈ వేళ పిలవలేదేం?” అందావిడ కళ్లు తెరవకుండా.

మాస్టారు డిస్కు బయటికి తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నారు. అడుగువైపు లేతాకుపచ్చగా ఉంది, ఆయన చేసిన డిస్కు రంగు కాదది. దాన్ని తిరిగి మిషన్లో పెట్టి, తన స్టూలు మీద కూర్చున్నారు.

కిరీటి లేచి, తన డౌన్‌లోడ్ పెట్టాడు. సోమయాజులు గారు మా మధ్యలోనే కూర్చుని వాయిస్తున్నట్టుంది. నిజంగానే ఆ ఊపిరి వినబడింది. నాకు ఒళ్లు జలదరించింది.

“వినండమ్మా, ఆయన ఊపిరి కూడా ఉంది,” అన్నాడు కిరీటి.

“ఉంది బాబూ. చాలా దగ్గరగా ఉంది,” అందావిడ మెల్లగా. “ఇది జనం కోసం వాయించింది. కానివ్వు బాబూ. ఆయన పిలిచాక లేస్తాను.”

కిరీటి పాట ఆపేశాడు. అయిదయింది. రేవు వైపు నుంచి ఓడ కూత వచ్చి, దూదిగోడల్లో ఇంకిపోయింది. వకుళ దగ్గరికి వెళ్లి, “పెద్దమ్మగారూ, పొద్దుపోతోంది, నేను దింపుతాను పదండి,” అంది.

“ఆయన పిలవకుండా ఈ గదిలోంచి ఎన్నడూ లేవలేదమ్మా. ఈ వేళెలా లేస్తాను?” అందావిడ, వకుళ అడక్కూడనిది అడిగినట్టు.

ఎవరమూ దీపం వెయ్యలేదు. చీకటి పడుతుంటే మిషన్ ముఖం మీద సున్నా ఒక్కటే పచ్చగా వెలుగుతోంది. ఆ గదిలో నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దం కాదు, మన నెత్తురు పారడం మనకే వినబడుతుంది. ఆవిడ తల కొంచెం పక్కకి వంచింది. ఎవరో నోరు తెరవబోతున్నారన్నట్టు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, మేమూ తలలు వంచాం. ఒక్కసారి గాజులు కదిలిన చప్పుడయింది. ఆవిడ చేతులు ఒళ్లో కదలకుండానే ఉన్నాయి.

అప్పుడు కిరీటి మాస్టారి స్టూలు దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

“మాస్టారండీ, అది నేను చేసిన డిస్కండీ. అసలుది నా సంచిలో ఉంది. దాని మీద నేను... ఆవిడ పేరు రాశానండీ. పెన్నుతో, మధ్య చిల్లు పక్కన. మెరిసే వైపు భద్రంగానే పట్టుకున్నాను. పేరు రాసే వైపే పలచనని నాకు తెలీదండీ. నేనే పాడుచేశాను. మంగళవారం నుంచీ చెప్పలేదు.”

మాస్టారు సంచిలోంచి డిస్కు తీసి, ఆ అక్షరాల గుంటల మీద బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చారు. మిషన్ ఏ డిస్కునైనా చదవడం మొదలుపెట్టేది ఆ మధ్య చిల్లు పక్కనుంచే. పిలుపు ఉన్న చోటే పేరు పడింది.

చంద్రమతి గారు అంతా విన్నారు. కళ్లు మళ్లీ మూసుకుని, అలాగే కూర్చున్నారు.

మాస్టారు గుడ్డ తీసుకుని, ఇక పాడని ఆ డిస్కుని మధ్యలోంచి అంచుకి తుడవడం మొదలుపెట్టారు.

“అడిగావుగా నాయనా, ఏది గొప్పదని,” అన్నారు గుసగుసగా. “ఆవిడ లేవనీ, చెబుతాను.”