నాంచారమ్మ కొలతాడు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ. యాభై ఎనిమిదేళ్ళు. రోజూ పొద్దున్నే, కళ్ళు తేటగా ఉన్నప్పుడే, ఏడు సూదుల్లోకి దారం ఎక్కించి గోడకి వేలాడే గుడ్డ ఉండకి గుచ్చుకునేది. ఆ తర్వాతే కాఫీ తాగేది.

ఆవిడ బొంతలు కుట్టేది తల్లీ. పైన పక్కపక్కన అతికిన రెండు పన్నాల ముతక గుడ్డ, కింద రెండు పన్నాలు, మధ్యలో కట్టి కట్టి మెత్తబడ్డ పాత చీరలు. మూడూ కలిపి చీమల బారులాంటి కుట్లు. ఏడాదికి రెండు బొంతలు. ఒకటి ఇంటికి, ఒకటి అమ్మకానికి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. పెళ్ళినాడు అత్తగారు పెళ్ళికొడుకుని గోడకి ఆనించి నిలబెట్టేది. నెత్తి నుంచి మడమ దాకా పురికొస పట్టి, కోసి, కోడలి చేతిలో పెట్టేది. దాన్ని కొలతాడు అనేవాళ్ళు. ఇక బతికినన్నాళ్ళూ ఆ కోడలు ఇంట్లో కుట్టే ప్రతి బొంతనీ దానితోనే కొలవాలి. పెళ్ళికూతురి పొడవెంతని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆవిడ పడుకోవడానికి వచ్చిందా ఏమిటి, పని చెయ్యడానికి కదా వచ్చింది!

నాంచారమ్మ మొగుడు బసవయ్య ఆవిడకంటే జానెడు పొట్టి. పెళ్ళి ఫోటోలో ఆయన్ని పీట ఎక్కించారు. కొలతాడు కోసేటప్పుడు మాత్రం పీట తీసేశారు.

అందుకని నలభై ఏళ్ళపాటు, ప్రతి చలికాలం, తెల్లారేసరికి నాంచారమ్మ పాదాలు బొంత బయట ఉండేవి. లోపలికి లాక్కుంటే భుజాలు బయటికొచ్చేవి. కొడవలిలా వంగి పడుకునేది. లేచేసరికి మోకాళ్ళు పట్టేసేవి. ‘నీ కాళ్ళు మరీ పొడుగే’ అనేవాడు బసవయ్య. ‘మా వంశంలో ఇంతేసి కాళ్ళు లేవమ్మా’ అనేది అత్తగారు అచ్చమ్మ. నలభై ఏళ్ళూ అందరూ ఆవిడ కాళ్ళే పొడుగన్నారు. బొంత పొట్టిదని ఒక్కరూ అనలేదు. కుట్టిన నాంచారమ్మ కూడా అనుకోలేదు.

నువ్వు కాళ్ళు తన్నకు. విను.

ఒక ఏడాది వానలు తగ్గాక, గుడ్డల మస్తానయ్య బండి వేసుకుని వచ్చాడు. సాలెల ఊళ్ళు తిరిగి, మగ్గాల దగ్గర మిగిలిపోయిన ముతక నూలుగుడ్డ తెచ్చి అమ్ముతాడు. అలాంటి గుడ్డ ఇంకెక్కడా దొరకదు. ‘అక్కా, నా మోకాళ్ళు అయిపోయాయి. ఇదే ఆఖరి రాక. మూడు రోజులుంటాను. ఇక జన్మకి సరిపడా తీసుకో’ అన్నాడు.

జన్మకి సరిపడా అంటే ఎంత? తక్కువ కొంటే రేపు చేతిలో సూది ఉంటుంది, గుడ్డ ఉండదు. నాంచారమ్మకి ఆ రోజంతా అదే ఆలోచన.

మొదటి రోజు మొగుణ్ణి అడిగింది. ‘ఏమండీ, ఎంత కొనమంటారు?’

బసవయ్య భోషాణం వైపు చూశాడు. ‘అందులో నా పంచాంగాలున్నాయి. పక్కన కాస్త మూల ఉంది చూడు, అందులో పట్టేంత కొను’ అన్నాడు.

భోషాణం తెరిచింది. ముప్ఫై ఆరేళ్ళ పంచాంగాలు. ఒక్కదాంట్లోనూ రేపటి రోజు లేదు. మిగిలిన మూలలో ఒక్క బొంత గుడ్డ పడుతుంది. మూత వేసేసింది.

రెండో రోజు అచ్చమ్మ పిలవకుండానే వచ్చి చెప్పింది. ‘నీకింక ఎన్ని చలికాలాలు మిగిలాయని నాంచారూ? రెండు బొంతల గుడ్డ చాలు. దండగ.’

‘అత్తయ్యా, మీకు ఎనభై దాటాయి. మొన్ననే కదా పళ్ళ సెట్టు కట్టించుకున్నారు. అదెన్నాళ్ళకి?’ అంది నాంచారమ్మ.

అచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొత్త పళ్ళు మెరవడం ఆగిపోయింది.

అప్పుడు నాంచారమ్మ మేకు మీది కొలతాడు తీసుకుని ఒక్కతే గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకుంది. కుట్టడం పూర్తయిన బొంత నేల మీద పరిచింది. నలభై ఏళ్ళలో మొదటిసారి దాని మీద తిన్నగా, వెల్లకిలా, కాళ్ళు బారజాపి పడుకుంది. పక్కన కొలతాడు పెట్టుకుంది. తాడు పిక్కల దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఇంకా మిగిలి ఉంది.

కాలివేళ్ళు ఒకసారి ఆడించి చూసుకుంది. ‘ఓసి పిచ్చిదానా, నీ కాళ్ళు నీ కాళ్ళంతే ఉన్నాయి కదే’ అనుకుంది.

మూడో రోజు పొద్దున్న మస్తానయ్య బండి దగ్గరికి వెళ్ళింది. చేతిలో ఏమీ లేదు.

‘కొలతాడేది అక్కా?’

‘ఇవాళ నేనే కొలతాడు. ఆ చాప పరుచు.’

మస్తానయ్య చాప పరిచాడు. నాంచారమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నడివీధిలో, దాని మీద పడుకుంది. ‘కానీ. నెత్తి నుంచి మడమ దాకా. పైన ఒక బెత్తెడు వదులు, కింద ఒక బెత్తెడు వదులు. పొర్లాలి కదా మనిషన్నాక.’

టీకొట్టు దగ్గర గ్లాసులు ఆగిపోయాయి. బసవయ్య పరుగెత్తుకొచ్చాడు. ‘లేవే! లే! నలుగురూ చూస్తున్నారు. పరువు పోతోంది!’

‘నిలబడితే నేను మీకంటే పొడుగని ఊరందరికీ నలభై ఏళ్ళుగా తెలుసు. అప్పుడు పోని పరువు పడుకుంటే పోయిందా? పక్కకి జరగండి, నీడ పడుతోంది. మస్తానయ్యకి కొలత కనబడొద్దా?’

బసవయ్య జరిగాడు. ఏం చేస్తాడు మరి!

అంతలో పక్కింటి ఈరమ్మ వచ్చింది. మొగుడు పోయి పన్నెండేళ్ళు. ఆయన తాటిచెట్టంత మనిషి. ‘వదినా, నాదీ కొలిపించు. ఇప్పటికీ ఆయన తాడుతోనే కుడుతున్నాను. ఒక మూర గుడ్డ ఊరికే నేల మీద జీరాడుతోంది. పోయినాయన కాళ్ళకి ఎన్నేళ్ళని కప్పను?’ అంది. ఆ తర్వాత బడి పంతులమ్మ అనసూయ వచ్చింది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అందుకని ఆవిడకి కొలతాడే లేదు. కొలతాడు లేదని ఆ ఊళ్ళో ఎవరూ ఆవిడకి బొంత కుట్టలేదు. ముప్ఫై రెండేళ్ళొచ్చినా దుప్పట్లు కలిపి కప్పుకునేది. ‘నాకెంత కావాలో నాకే తెలియదండీ’ అంది.

‘పడుకో, తెలుస్తుంది’ అంది నాంచారమ్మ.

ముగ్గురూ వరసగా పడుకున్నారు. మస్తానయ్య పాపం మోకాళ్ళు నొప్పి అని మూలుగుతూనే, నవ్వుతూనే, ముగ్గురినీ కొలిచాడు. మూడు కొత్త తాళ్ళు కోశాడు. మూడూ మూడు పొడవులు.

‘ఇంతకీ జన్మకి ఎంత కావాలో చెప్పు అక్కా’ అన్నాడు.

నాంచారమ్మ లేచి చీర దులుపుకుంది. ‘ఏడాదికి రెండు బొంతలు కుడతాను. ఎన్నేళ్ళు కుడతానో నా చేతులు చెబుతాయి. మా ఆయన పంచాంగాలూ చెప్పవు, మా అత్తయ్యా చెప్పదు. అనసూయకి ఒక బొంత, ఈరమ్మకి ఒక బొంత గుడ్డ తీసి పక్కన పెట్టు. మిగిలిందంతా నాది.’

‘అంతానా?’

‘బండి వదిలెయ్. అది నీదే.’

డబ్బు ఆవిడ కొంగున ముడివేసి ఉంది. ఊళ్ళో వాళ్ళకి బొంతలు కుట్టి దాచుకున్నది. ఎంతో ఆవిడకి తెలుసు, మనకెందుకు?

‘అదంతా ఎక్కడ పెడతావే?’ అన్నాడు బసవయ్య బిక్కమొహంతో.

‘భోషాణంలో. అయిపోయిన రోజులన్నీ మీరు నెత్తిన పెట్టుకోండి. రాబోయే రోజులకి నాకు చోటు కావాలి.’

సాయంత్రానికి పంచాంగాలు అటక ఎక్కాయి. భోషాణంలో పట్టక మిగిలిపోయిన గుడ్డని ఆవిడ మంచం కిందికి తోసింది. పాత కొలతాడుని పెరట్లో చిక్కుడుపాదుకి కట్టింది. మూడు వారాల్లో పాదు ఆ తాడు దాటి పైకి పోయింది.

ఆ చలికాలం కొత్త బొంత తయారైంది. నాంచారమ్మ పొడవుది. బసవయ్య అందులో దూరి పడుకున్నాడు. ఆయన పాదాల కింద జానెడు పైనే బొంత మిగిలింది. దానివల్ల ఆయనకేమీ కాలేదు. అచ్చమ్మ మాత్రం వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వచ్చి, ‘నాంచారూ, నాదీ ఒకసారి కొలుస్తావా?’ అంది. ఎనభై ఏళ్ళొచ్చాక ఆవిడ కొంచెం కుంగింది. నాంచారమ్మ కాపురానికి వచ్చినప్పటి కంటే నాలుగు వేళ్ళు తక్కువుంది. నాంచారమ్మ తాడు కోసి ఇచ్చింది.

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఏ పెళ్ళయినా నాంచారమ్మ కత్తెర పట్టుకుని వెళ్ళేది. పెళ్ళికూతుర్ని పందిట్లోనే చాప మీద పడుకోబెట్టి, తాడు కోసి, ఆ పిల్ల చేతిలో పెట్టేది. నాంచారమ్మ చచ్చిపోయేదాకా మళ్ళీ కాళ్ళు ముడుచుకుని పడుకోలేదు.

కథేమో కంచి చేరింది, కునుకేమో కళ్ళలో వాలింది.
మన బొంత మనంత పొడుగు, చాలకపోతే అమ్మమ్మనడుగు.