చేతి వెనక ముదిమవ్వ రాత

ఒకప్పుడు మనుషుల చేతులకు వయసు వచ్చేది కాదు. ముఖం ఎండిన రేగుపండులా ముడుచుకుపోయినా, చేతులు మాత్రం అప్పుడే పుట్టిన పాప చేతుల్లా నున్నగా, బొద్దుగా ఉండేవి. పగలంతా కలుపు తీసినా, పిడకలు చరిచినా, తెల్లారేసరికి మళ్ళీ వెన్నముద్దలే.

దానికి కారణం ముదిమవ్వ. ముదిమవ్వ అంటే మనుషుల మీద వయసు రాసే అవ్వ. చేతిలో గంటం పట్టుకుని, తాబేలు మీద కూర్చుని ఊరూరా తిరిగేది. ఆలస్యంగా వచ్చేది కానీ ఏ ఇల్లూ మరిచేది కాదు. గంటం మొన వాడిగా ఉందో లేదో తాబేలు మెడ మీద గీసి చూసుకునేది. తాబేలు మెడ ఎలా ఉంటుందో మీరూ చూసే ఉంటారు.

ఆవిడ రాతంతా ముఖం మీదే. చేతుల మీద కూడా రాద్దామని చూసింది, కుదరలేదు. పనిచేసేవాళ్ళ చేతులు ఎప్పుడు ఊరికే ఉన్నాయి గనక? చెరుగుతూనో, తోముతూనో, విసురుతూనో ఉంటాయి. నిద్దట్లో కూడా పిల్లల్ని జోకొడుతూ ఉంటాయి. ఇక సోమరుల చేతులంటారా, అవి చంకల్లో దాక్కుని ఉంటాయి. అవ్వ విసిగిపోయి చేతుల జోలికి పోవడం మానేసింది.

ఏటి ఒడ్డున ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ఒక ఆచారం. కొత్తబియ్యం వండిన రోజున ఊరందరిలోకీ పెద్దవాళ్ళను ఒకరిని పెద్దపీట మీద కూర్చోబెట్టి, మొదటి ముద్ద వాళ్ళకు పెట్టేవారు. ఆ పీట ఎక్కినవాళ్ళు ఇక జన్మలో రోకలి ముట్టనక్కర్లేదు. ఊరే వాళ్ళకు వండి పెట్టాలి. ఒక పీట, ఒక మనిషి. ఆ మనిషి పోతేగాని పీట ఖాళీ అవ్వదు.

ఎవరు పెద్ద అన్నది ముఖం చూసి చెప్పేవారు. ఎవరికి ముడతలెక్కువుంటే వాళ్ళు పెద్ద. పుట్టినరోజులు గుర్తుపెట్టుకునే అలవాటు అప్పట్లో లేదు.

ఆ ఊళ్ళో వడ్లు దంచేది ఎర్నమ్మ. పురుళ్ళు పోసేదీ ఎర్నమ్మే. ఊళ్ళో సగంమంది ఆవిడ చేతుల్లోనే కళ్ళు తెరిచారు. అందరూ ఆవిడ దంచిన బియ్యమే తిన్నారు. ముసలిదైపోయింది పాపం. రోకలి ఎత్తితే కుడిభుజంలో మేకు దిగ్గొట్టినట్టుండేది. ఆ నొప్పి సంగతి ఒక్క కోడిపెట్టకే తెలుసు. రోలు చుట్టూ నూకలేరుకుంటూ అది అన్నీ వినేది.

ఆ ఏడు పెద్దపీట ఖాళీ అయింది. పీట దొరక్కపోతే వచ్చే ఏడు రోటి పక్కనే పడిపోతానని ఎర్నమ్మ కోడిపెట్టతో అంది. పడిపోతే నూకలెవరు వేస్తారని కోడికి బెంగ పట్టుకుంది.

అయితే ఒక చిక్కుంది. ఎర్నమ్మ ముఖం గుమ్మడిపండు. నవ్వుతూ ఉండే బుగ్గలు, ముదిమవ్వ గంటం ఆనిస్తే జారిపోయేది.

పీటకు పోటీగా వచ్చినవాడు సన్నాసి. వాడికి పనంటే చచ్చేంత భయం. ఎవరైనా పని చెబుతారేమోనని పొద్దున లేచింది మొదలు ముఖం చిట్లించుకుని కూర్చునేవాడు. అలా చిట్లించి చిట్లించి, నుదురంతా దున్నిన మడిలా తయారైంది. ఎవరు చూసినా అయ్యో పెద్దాయన అనేవారు. వాడూ కాదనేవాడు కాదు.

కొత్తబియ్యం రోజున ఎర్నమ్మ వాకిట్లోనే ఊరిపెద్ద పారినాయుడు ఇద్దరి ముఖాలూ చూశాడు. పీట సన్నాసిదే అన్నాడు. ఎర్నమ్మ బుగ్గలు చూస్తే ఇంకో పెళ్ళి చెయ్యొచ్చని, ఇంకా చాలా ఏళ్ళు దంచగలదని నవ్వాడు కూడా.

ఎర్నమ్మ నవ్వలేదు.

"సన్నాసీ, నీ బొడ్డు కోసింది నేనురా. తలకిందులుగా పట్టుకుని వీపు చరిస్తేగాని ఏడవలేదు నువ్వు. ఏడవడానికి కూడా బద్ధకమే నీకు."

"సాక్ష్యం ఎవరు ఎర్నమ్మా?" అన్నాడు సన్నాసి, చేతులు చంకల్లోంచి తియ్యకుండా. "చూసినవాళ్ళందరూ పోయారు. ఇప్పుడు ముఖమే సాక్ష్యం."

సరిగ్గా అప్పుడే తాబేలు మీద ముదిమవ్వ ఆ వాకిట్లోకి వచ్చింది. ఎర్నమ్మ వెళ్ళి దారికి అడ్డంగా నిలబడింది. తాబేలుకు ఆగడం అంటే ఇష్టమే, టక్కున ఆగింది.

"ఏమవ్వా, నీకు రాయడం వచ్చా అసలు?" అని అడిగింది ఎర్నమ్మ. "ఊరందరి మీదా రాశావు. నా వయసు ఎక్కడ రాశావో చూపించు."

జనం బిత్తరపోయారు. ముదిమవ్వతో అలా మాట్లాడిన మనిషి లేడు. అందరూ ఆవిడను చూస్తే తలుపులేసుకునేవాళ్ళే. ఎదురెళ్ళి తగువాడింది ఎర్నమ్మ ఒక్కతే.

అవ్వకు కోపం రాలేదు గానీ సిగ్గేసింది. నీ ముఖం మీద గంటం నిలవదే, నీ చేతులు ఆగవే, నేనెక్కడ రాయను అని గొణిగింది.

ఎర్నమ్మ గబగబా రోటి దగ్గరికి వెళ్ళింది. రోకలి గోడకు ఆనించింది. రోటి పక్కనున్న బండ మీద రెండు చేతులూ బోర్లా పెట్టింది.

"ఇదిగో, ఆపాను. రాసుకో. ఒక్క ఏడు కూడా తగ్గించకు."

ఊళ్ళో ఎవరూ ఎర్నమ్మ చేతులు అంత కదలకుండా ఉండగా చూడలేదు. కోడిపెట్ట కూడా గింజలేరడం ఆపేసింది.

ముదిమవ్వ వంగి చూసింది. అరచేతులు బండకు అంటుకుని ఉన్నాయి, అక్కడికి గంటం పోదు. వెనకవైపు మాత్రమే ఖాళీగా ఉంది. సరే అని అక్కడే మొదలుపెట్టింది. సన్నటి గీతలు, అడ్డంగా, నిలువుగా, వేళ్ళ కణుపుల దగ్గర గుండ్రంగా గీసింది.

పైనుంచి సూర్యుడు చూస్తున్నాడు. "ఈ చేతులు నాకు తెలుసు," అన్నాడు. "వడ్లు ఎండబెట్టేటప్పుడు నా కింద ఉన్నవి ఇవే. నా సంతకం కూడా వెయ్యనీ." గోధుమరంగు చుక్కలు కొన్ని ఆ చేతుల మీద రాల్చాడు.

ఏరు అంత మాట్లాడే రకం కాదు. ఇన్నాళ్ళూ ఈ చేతులు కడిగింది నేనేనని చెప్పి, చర్మం కింద ఉన్న కండను కొంచెం కొంచెంగా తీసుకుపోయింది. చర్మం వదులైంది. గాలి వచ్చి దాన్ని ఆరబెట్టి కాగితంలా పల్చన చేసింది. లోపలున్న నరాలకు బయట ఏం జరుగుతోందో తెలియలేదు. చూద్దామని ఒక్కొక్కటే పైకి లేచాయి. లేచినవి మళ్ళీ దిగలేదు.

రాయడం అయ్యాక ముదిమవ్వ ఎర్నమ్మ చేతివెనక చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి, పైకి లాగి వదిలింది. అది లేచింది లేచినట్టే, చిన్న గట్టులా నిలబడిపోయింది. ఎంతసేపటికో నెమ్మదిగా కిందికి దిగింది.

అందరూ దగ్గరికి వచ్చి చూశారు. అన్ని ఏళ్ళు ఆ చేతుల్లో ఉన్నాయని వాళ్ళకు అప్పటిదాకా తెలియదు. పారినాయుడు తలవంచుకున్నాడు. అతని బొడ్డు కోసిందీ ఆ చేతులే.

"ఇక నీ చెయ్యి పెట్టు నాయనా," అంది ముదిమవ్వ సన్నాసితో.

సన్నాసి చలేస్తోందన్నాడు. నలుగురు పట్టుకుని చంకల్లోంచి చేతులు లాగారు. అవ్వ గిల్లి వదలగానే చర్మం టప్పున వెనక్కి పోయింది. చర్మం కింద కండ లేగదూడ మూపులా కదిలింది. తర్వాత అవ్వ వాడి ముఖం దగ్గరికి వంగి, గంటం వెనకవైపుతో నుదురు తట్టింది.

"ఇందులో నా గీత ఒక్కటీ లేదు. ఇదంతా వీడే ముడుచుకున్నాడు."

జనం నవ్వలేక చచ్చారు. నీ మెడలా నుదురు ముడుచుకున్నది ఈ మనిషేనా అని కోడి తాబేలును అడిగింది. తాబేలు మెడ లోపలికి లాక్కుని లోపలే నవ్వుకుంది.

ఎర్నమ్మ వెళ్ళి పెద్దపీట మీద కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. పారినాయుడే మొదటి ముద్ద కలిపి పెట్టాడు. ఆవిడ నమిలి, బియ్యంలో రాయి ఉందని, వచ్చే ఏడు సన్నాసిని ఇంకొంచెం శ్రద్ధగా దంచమని చెప్పింది. ఎందుకంటే అప్పటికే వాడి చేతిలో రోకలి పెట్టి, ఆ బియ్యం వాడిచేతే దంచించారు.

ముదిమవ్వకు కిటుకు తెలిసిపోయింది. ముఖాన్ని నమ్మకూడదు, దానికి పసుపు పూస్తారు, శనగపిండి రాస్తారు, సన్నాసిలాంటివాళ్ళు చిట్లిస్తారు. అసలు రాత చేతి మీదే ఉండాలి. చెయ్యి ఆగదు కదా అంటారా? అవ్వ కాచుకుని ఉంటుంది. గడప మీదో, మోకాలి మీదో, మనవరాలి తల మీదో చెయ్యి బోర్లా ఆనిన క్షణంలో ఒక గీత గీసి పోతుంది.

అప్పటినుంచే మనుషుల వయసు ముఖంకంటే ముందు చేతులు చెబుతున్నాయి. చేతివెనక ముడతలు, చుక్కలు, లేచిన నరాలు వచ్చినా, ఆనాడు బండకు అంటుకుని ఉన్న అరచేతిలో మాత్రం చుక్క ఒక్కటి కూడా పడదు. మీ అమ్మమ్మ చేతివెనక చర్మాన్ని మెల్లిగా పట్టి వదిలి చూడండి, ఇవాళ్టికీ గట్టులా నిలబడుతుంది. ఆ చేతిలో ఏదైనా పని ఉంటే మాత్రం, ముందు అది మీరు అందుకోండి.