బండి మూతికి బిరుదు పలక

ఈ కథ నాకు మొదట చెప్పింది ఆనాడు దొరకు విసనకర్ర విసిరిన సుంకులు తాత.

గుమ్మలదిన్నె జమీందారు పాత మోటారు బండి ఇంజను ఎండలో మరిగిపోయేది. దివాను పట్నం నుంచి పెద్ద ఫ్యాను తెప్పించాడు. కమ్మరి ఓబులాచారి దాన్ని ఇంజను ముందు బిగించాడు. అయినా మరిగింది.

"నీ పనితనమే ఇది. రేపటి నుంచి కొలిమి మూసెయ్" అన్నాడు దొర.

బండిలోకి గాలి దూరే చోట దొరగారి బిరుదుల ఇత్తడి పలక ఉండేది. ఆచారి దాన్ని ఊడదీసి, సుంకులు తాత విసురుతున్న విసనకర్రకూ దొర ముఖానికీ మధ్య నిలబెట్టాడు.

"ఏం ఆచారీ, గాలికి అడ్డం పెడతావేంది?"

"మీ బండి కూడా అదే అడుగుతోంది దొరా."

పలకను బండి వెనక వైపుకు మార్చారు, మరగడం ఆగింది. కొలిమి మూతపడలేదు. కానీ దివాణం గోడలోని రాతి మీద బండి బాగుచేసింది దివాను అని చెక్కారు. దివాను మనవలు ఇప్పటికీ దానికి దండలేస్తారు. ఉలి పట్టేవాళ్లెవరైనా ఆ పేరు దిద్దండి.