మంత్రిగారి కాపలా

కోటలోకి కంప్యూటర్లొచ్చిన ఓ రాజ్యంలో, పొరుగురాజు తన సర్వర్‌ను పొద్దుగూకగానే ఆపేస్తానని కబురంపాడు. ఆలోగా అందులోని ఉమ్మడి ఫోల్డరును కోట యంత్రం నుంచి విడదీయకపోతే కాలవల పటాలన్నీ పాడైపోతాయి. ఎంత ప్రయత్నించినా "ఎవరో వాడుతున్నారు" అంటోంది యంత్రం.

"వాణ్ణి పట్టి కోట బయటికి గెంటిస్తా!" అంటూ మంత్రి తన కంప్యూటర్ ముందు కాపలా కూర్చున్నాడు.

కోటలో కంప్యూటర్ల తీగలు చూసే నూకాలు మాత్రం పట్టు వదల్లేదు. గదిగదికీ తిరిగి కంప్యూటర్లన్నీ ఆపించి, చివరికి మంత్రి గదికొచ్చింది.

"దొంగ దొరికాడా?" అన్నాడు మంత్రి.

"దొరికారు దొరా. ఎవరైనా సరే గెంటాల్సిందేనా?"

"మా బావమరిదైనా సరే!"

"అయితే లేవండి. ఎవరు తెరిచారో చూద్దామని పొద్దున్నుంచీ ఆ ఫోల్డరు తెరుచుకుని కూర్చున్నది తమరే."

మంత్రి ఫోల్డరు మూశాడు. యంత్రం వెంటనే వదిలేసింది.

"దారి ఇటు దొరా," అంటూ నూకాలు తలుపు బార్లా తీసి పట్టుకుంది.