సరే అనని నాంచారి

అనగనగా, మీ తాతకి తాత ఇంకా దోగాడని రోజుల్లో, వాగొడ్డుపాలెం అని ఒక ఊరు. కథ చెబుతుంటే ఊ కొట్టాలర్రా. ఊ కొట్టకపోతే నా కథ అక్కడే చతికిలబడుతుంది, తర్వాత నన్ననకండి.

ఆ ఊరు వాగు పక్కనే ఉండేది. ఒక ఏడు వాగు పొంగింది. ఇళ్లు పోయాయి, గొడ్డూ గోదా పోయాయి. మనుషులు మాత్రం పక్కనున్న ఎత్తు మెట్ట ఎక్కి బతికారు. "ఇంక కిందికి దిగేది లేదు, ఇక్కడే ఊరు కట్టుకుందాం" అనుకున్నారు.

ఊరు కట్టడమంటే మాటలా? ఎవరి ఇల్లు ఎక్కడ? బండి ఎటు తిరగాలి? వాన నీళ్లు ఎటు పోవాలి? ఇవన్నీ ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చకపోతే బలమున్నవాడిదే వీధి. అందుకని ఐదుగురిని ఎంచుకుని, వాళ్లకి నెలవు పెద్దలని పేరు పెట్టారు. వాళ్లకి మూడు పనులు. ముందు నేల చూడాలి. తర్వాత అందరి మాటా వినాలి. ఆ తర్వాతే నోరు విప్పాలి.

పునాది తవ్వే ముందు గోడలు ఎక్కడొస్తాయో ముగ్గుతో గీత పోస్తారు కదా. ఐదుగురూ సరే అంటేనే ఆ ముగ్గు పోయాలన్నారు. తన ఇంటి సంగతి వస్తే ఏ పెద్దా మాట్లాడకూడదన్నారు. పెద్దగా ఉన్నన్నాళ్లు ఎవరి చేతి నుంచీ ఏమీ పుచ్చుకోకూడదన్నారు.

నలుగురు మగవాళ్లు దొరికారు. వాళ్లలో పెద్దవాడు వడ్రంగి లింగాచారి. ఐదో మనిషి ఎవరు?

"నాంచారిని పెట్టండి" అన్నాడు కోటప్ప. ఆ ఊళ్లో పెద్ద కామందు ఆయనే. అందరూ నవ్వారు. ఎందుకంటారా? నాంచారి ముగ్గు అమ్ముకునే మనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు. నెత్తిన గంప పెట్టుకుని "ముగ్గో... తెల్ల ముగ్గో..." అని వీధివీధీ తిరిగేది. కొబ్బరి చిప్పతో ముగ్గు కొలుస్తుంటే ఆడవాళ్లు తమ గోడు వెళ్లబోసుకునేవారు. అత్త తిట్టిందని ఒకరు, గేదె ఈనలేదని ఒకరు. నాంచారి అన్నిటికీ ఒకటే అనేది. ఊ... ఊ... ఊ. అంతకుమించి ఆ నోట మాట పెగలగా ఎవరూ వినలేదు.

"అన్నిటికీ ఊ అనే మనిషి. ఇంతకన్నా మంచి పెద్ద ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు కోటప్ప. ఆయన లెక్క ఆయనది.

నాంచారి మాత్రం ఆ మాటని నవ్వులాటగా తీసుకోలేదు. నేల చూడమన్నారు కదా, చూసింది. వాన పడినప్పుడల్లా గోనెపట్టా కప్పుకుని మెట్టంతా తిరిగింది. నీళ్లు ఎక్కడ పుడుతున్నాయి, ఎటు జారుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి అని చూసింది. మిగతా నలుగురూ పాకలో కూర్చుని చుట్టలు కాల్చారు.

ఆ మెట్ట నడుమ ఒక పల్లం ఉంది. పైనుంచి నీళ్లన్నీ ఆ పల్లం వెంటే దిగి వాగులో పడతాయి. దాని పక్కన దిగువన కింది వీధి. వరద తగ్గగానే వేసుకున్న నలభై గుడిసెలు. కూలీనాలీ చేసుకునే వాళ్లవి. నాంచారి గుడిసె కూడా అక్కడే, వరసలో మొదటిది.

సరిగ్గా ఆ పల్లంలోనే కోటప్ప తన ఇల్లు కట్టాలనుకున్నాడు. మెత్తటి నేల, తూర్పు వాకిలి, ఊరి నడుమ. ఇంకేం కావాలి?

మొదటిరోజు నాంచారి దగ్గరికొచ్చాడు. "నాంచారీ, ఊరికి పెద్ద ఇల్లుంటే ఊరికే అందం. అవునా?"

"ఊ" అంది నాంచారి.

రెండోరోజు కోకా రవికా పట్టుకొచ్చాడు. "రేపు నా ఇంటికి ముగ్గు నువ్వే పొయ్యాల. ఇది నీకే."

"ఊ" అంది నాంచారి. కోక మాత్రం ముట్టుకోలేదు. అది అరుగు మీదే పడి ఉంటే ఆయన పాలేరు తీసుకెళ్లాడు.

మూడోరోజు కళ్లెర్ర చేసుకుని వచ్చాడు. "నా మాట కాదంటే ఈ ఊళ్లో నీ ముగ్గు కొనేవాళ్లుండరు. తెలిసిందా?"

"ఊ" అంది నాంచారి.

కోటప్ప మీసం దువ్వుకుంటూ వెళ్లి ఊరంతా చెప్పుకున్నాడు, నాంచారి ఒప్పుకుందని.

నాలుగోరోజు పొద్దున్నే పల్లం దగ్గర ఊరంతా చేరింది. తాపీవాళ్లు గునపాలు పట్టుకుని నిలబడ్డారు. కోటప్ప కొత్త పంచె కట్టాడు. లింగాచారి అడిగాడు, "కోటప్పగారి ఇంటికి ఇక్కడ ముగ్గు పోయమంటారా? సరేనా?"

"సరే" అన్నాడు ఒకడు. "సరే" అన్నాడు ఇంకొకడు. "సరే" అన్నాడు మూడోవాడు. "నాకూ సరే" అన్నాడు లింగాచారి. అందరూ నాంచారి వైపు తిరిగారు.

నాంచారి గంప దించింది. గంప మీద అడ్డంగా చెయ్యి పెట్టింది. "సరే కాదు" అంది. "ఇక్కడ గోడ లేస్తే నీళ్లు కింది వీధికి మళ్లుతాయి."

కోటప్ప మొహం కందగడ్డలా అయింది. "ఏందే! మూడు రోజులు మూడుసార్లు ఊ అన్నావు గదా!"

"ఊ అన్నానయ్యా. విన్నానని అన్నా. కథ చెప్పేవోళ్లకి పిల్లలు ఊ కొడతారు. కథంతా నిజమని కొడతారా?"

జనం పకపకా నవ్వారు. అప్పటినుంచే వాగొడ్డుపాలెంలో ఆ సామెత పుట్టింది, ఊ అంటే విన్నట్టు, సరే అంటే ఒప్పినట్టు అని. పెళ్లి సంబంధం మాట్లాడినా, ఎద్దు బేరం చేసినా, ఈ రోజుకీ అదే అంటారు.

కానీ కోటప్ప తక్కువవాడా? "ఆచారిగారూ, ఈమె గుడిసె కింది వీధిలోనే ఉంది. సొంత ఇంటి సంగతిలో పెద్ద మాట్లాడొచ్చా? కట్టుబాటు చెప్పండి!" అన్నాడు.

లింగాచారి తల దించుకున్నాడు. "మాట్లాడకూడదు నాంచారీ" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. నాంచారి నోరు మూసుకుంటే నలభై కొంపలు మునుగుతాయి. ఆమెకి ఆ సంగతి తెలుసు. కట్టుబాటు న్యాయమైనదేనని కూడా తెలుసు. ఆ గుడిసె తప్ప ఆమెకి ఈ లోకంలో ఇంకేమీ లేదర్రా.

నాంచారి వెనక్కి తిరిగింది. కింది వీధికి నడిచింది. మొదటి విడత పైకప్పు తాటాకు పీకి మోసుకొచ్చింది. రెండో విడత వాసాలు మోసుకొచ్చింది. మూడో విడత తడికెలు మోసుకొచ్చింది. "నేను మోస్తా అత్తా" అని ఆడవాళ్లు వస్తే చెయ్యి అడ్డం పెట్టింది. అన్నీ తెచ్చి జనం ముందు పడేసింది.

"ఈ తాటాకు ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోండి. ఈ ఊళ్లో నాకింక ఇల్లు లేదు. నెలవు పెద్దగా ఉన్నన్నాళ్లు కట్టుకోను. ఇప్పుడు మాట్లాడొచ్చా ఆచారయ్యా?"

"మాట్లాడు తల్లీ" అన్నాడు లింగాచారి.

"మీలో ఎంతమంది నేల చూశారు?"



నాంచారి వంగి, కోటప్ప గోడ రావాల్సిన చోట మట్టి ఎత్తి పల్లానికి అడ్డంగా చిన్న గట్టు వేసింది. ఆడవాళ్లని పిలిచి పైనుంచి మూడు కడవల నీళ్లు పోయమంది. మొదటి కడవ నీళ్లు గట్టు దాకా వచ్చి ఆగాయి. రెండో కడవకి గట్టు వెంట పక్కకి తిరిగాయి. మూడో కడవకి కింది వీధి దారి పట్టి, పొద్దుటిదాకా నాంచారి పొయ్యి ఉన్న చోటికి వెళ్లి మడుగు కట్టాయి.

"మూడు కడవలకే ఇట్టా ఉంటే, ముసురు పట్టినప్పుడు ఎట్టా ఉంటది?" అంది నాంచారి.

లింగాచారి ఆ మడుగు దాకా దిగి చూసొచ్చాడు. "నా మాట వెనక్కి తీసుకుంటున్నా. చూడకుండా సరే అన్నా, బుద్ధి తక్కువై" అన్నాడు. మిగతా ముగ్గురూ అదే అన్నారు. కోటప్ప రుసరుసలాడుతూ వెళ్లి, మెట్ట పైభాగాన ఇల్లు కట్టుకున్నాడు.

ఆ ఏడు తొమ్మిది రోజులు ముసురు పట్టింది. నీళ్లన్నీ పల్లం వెంట గలగలా దిగి వాగులో కలిశాయి. కింది వీధి పొయ్యిల్లో ఒక్కటీ ఆరలేదు.

నాంచారి మాట తప్పే మనిషి కాదు. బతికినన్నాళ్లూ ఆమె నెలవు పెద్దే. కాబట్టి బతికినన్నాళ్లూ ఇల్లు లేదు. ఈ రోజు ఈ అరుగు మీద, రేపు ఆ అరుగు మీద పడుకునేది. పొద్దున్నే లేచి గంపెత్తుకునేది. ఊరి వీధులన్నీ ఆమె పోసిన ముగ్గు మీదే లేచాయి.

ఒక తెల్లవారుజామున కబురు ఊరంతా పాకింది. వడ్రంగి అరుగు మీద నాంచారి లేవలేదు.

అప్పుడొచ్చింది చిక్కు. పోయిన మనిషిని సొంత గడప దాటించి తీసుకెళ్లాలి. గడప లేని మనిషిని ఎట్లా తీసుకెళ్తారు? "మా గడప దాటించండి" అని ఒకరు. "కాదు, మా గడప" అని ఒకరు. కింది వీధివాళ్లు మాకే హక్కంటూ ఏడుస్తూ కొట్లాటకి దిగారు.

జనాన్ని తోసుకుంటూ ఒక ముసలాయన కర్ర ఊతంతో వచ్చాడు. కోటప్ప. నాంచారి గంప తీసుకుని, నేల మీద ముగ్గు పోశాడు. నాలుగు గోడలు పోశాడు. ఒక వాకిలి విడిచాడు. వాకిట్లో అడ్డంగా గడప గీశాడు.

"ఇది నాంచారి ఇల్లు. నెలవు పెద్దలారా, సరేనా?" అని అడిగాడు.

"సరే" అంది ఊరంతా.

ఆ ముగ్గు గోడల మధ్య ఆమెని పడుకోబెట్టారు. ఆ గడప దాటించి తీసుకెళ్లారు. గీతల మీద ఒక్క కాలు కూడా పడలేదు.

ఇప్పటికీ వాగొడ్డుపాలెంలో ఎవరు ఇల్లు కట్టినా, తమ గోడలకి ముగ్గు పోసుకునే ముందు పక్కన మూడడుగుల ఇల్లొకటి గీస్తారు. దానికి వాకిలి విడుస్తారు. గడప గీస్తారు. ఇంటావిడ ఆ గడప ముందు కడవ నీళ్లు పోసి, ఎటు పారతాయో ఇరుగుపొరుగుని పిలిచి చూపిస్తుంది. వాళ్లు సరే అన్నాకే తాపీవాడు గునపం ఎత్తుతాడు.