మొహం చూసి చెప్పే ప్రోగ్రాం

హిమజకి ఒళ్లు మండిపోతోంది. ఎం.టెక్ చివరి ఏడాది. థీసిస్ అంశం రేపు సాయంత్రంలోగా ఖరారు కాకపోతే ఏడాది గంగలో కలిసినట్టే. తోటివాళ్లందరూ సగం పని లాగించేశారు. ఆమె అంశం మాత్రం గైడ్ నాంచారయ్యగారి దగ్గర నెలల తరబడి నానుతోంది. వద్దనరు, సరేననరు. ఎప్పుడడిగినా ఇంకాస్త ఆలోచించమ్మా అంటారు. ఏం ఆలోచించాలో చెబితే ఆయన సొమ్మేం పోతుంది?

అంశానికేం, లక్షణంగా ఉంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల మొహాలు కెమెరాలో చూసి, ఎవరు సంతోషంగా ఉన్నారో, ఎవరు కోపంగా ఉన్నారో కృత్రిమ మేధ చెప్పేస్తుంది. వేల ఫొటోలు చూపించి హిమజే ప్రోగ్రాంకి నేర్పింది. పరీక్షించి చూస్తే అది తప్పు చెప్పడం చాలా అరుదు. ఒక కంపెనీవాళ్లు అప్పుడే ఆరా తీశారు కూడా.

ఇవాళ తాడోపేడో తేల్చుకోవాలనే ఆయన గదిలోకి వెళ్లింది. ఆయన తీరిగ్గా టీ తాగుతున్నారు. అది చూసి ఇంకా మండింది. అయినా గైడ్ ముందు విద్యార్థులందరూ పెట్టే మొహమే తనూ పెట్టింది. నిండుగా నవ్వుతూ, మీరెలా చెబితే అలాగే సార్ అంది. సంతకం పెట్టాల్సింది ఆయనే మరి.

ప్రోగ్రాం నడిపి చూపించమన్నారు నాంచారయ్యగారు. ఆమె ల్యాప్‌టాప్ తెరిచి ఆయన వైపు తిప్పింది. ఆయన దాన్ని మళ్లీ ఆమె వైపే తిప్పేశారు.

తెర మీద హిమజ మొహం. దాని కింద పెద్ద అక్షరాలతో, సంతోషం అని.

"నా మీద కోపంగా ఉందా అమ్మా?"

"అబ్బే, లేదు సార్."

"నిజం చెప్పు."

ఇక ఆగలేకపోయింది. ఇష్టం లేకపోతే మొదటిరోజే చెప్పాల్సిందంది. తన ఏడాది పోతే ఎవరిస్తారని నిలదీసింది. మీ గది ముందు పడిగాపులు కాయడానికా నేను చదువుకుంటున్నది అని కూడా అనేసింది. ఆయన అడ్డు రాకుండా చివరిదాకా విన్నారు.

"ఈ కోపం ఇప్పుడే వచ్చిందా?"

"నెలల నుంచీ ఉంది సార్."

నాంచారయ్యగారు తలూపారు. "నా దగ్గర నీకు కావాల్సింది ఒక్క సంతకం. దానికే అంతలా నవ్వావు. ఆ ఆఫీసుల్లో వాళ్లకి నెలనెలా జీతం కావాలి."

ఆయన పెన్ను తీసి, అంశం రాసి ఉన్న కాగితం ముందుకు లాక్కున్నారు. "పెట్టమంటావా?"

హిమజ ఆ కాగితాన్ని ఆయన చేతికింద నుంచి లాగేసుకుంది.